మూడో ప్రశ్న

ఫిబ్రవరి రాత్రుల్లో వంటింటి బల్ల మీద
దరఖాస్తులు చదవడం నా పని.
పరుగు సెప్టెంబరులో. యాభై రెండు కిలోమీటర్లు,
నాలుగు వేల ఏడు వందల మీటర్ల ఎక్కుడు,
మధ్యలో కత్తివాదర లాంటి రాతిగట్టు.
అక్కడ చేతులు కూడా కాళ్లవుతాయి.
జారితే అడ్డం వచ్చేది గాలి ఒక్కటే,
గాలి ఎవరినీ ఆపదు.
అందుకే మూడో ప్రశ్న:
నిట్టనిలువు రాతి మీద మీ అనుభవం రాయండి,
తేదీలతో, రుజువులతో.

అందరిదీ ఒకటే గొర్రెదాటు. అవే శిఖరాలు, అవే శిక్షణలు.
ఎడిన్‌బరో దంతవైద్యుడు పదకొండు పేజీలు పంపాడు,
ఆల్ప్స్ ఫొటోలతో. కొండకి అడ్డంగా ప్రతి దాన్లోనూ తనే.
ఇష్బెల్ మక్‌ఎహర్న్, నలభై ఏడేళ్లు, గ్లెన్ ఓరల్,
నీలం సిరాతో ఒకే వాక్యం:
"ఇరవై ఆరేళ్లుగా గొర్రెల్ని దించుతున్నాను."

రుజువు లేదు. నియమం ప్రకారం పక్కన పెట్టాలి.
పెట్టాను.
టీ చల్లారింది.
మళ్లీ తీశాను.

ఏప్రిల్లో వెళ్లాను, పరీక్షించడానికి,
మెడలో స్టాప్‌వాచ్, వీపున తాడు, ముఖాన పెద్దరికం.
మంచు కరిగి రాయి సబ్బుబిళ్లలా ఉంది.
"ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు బుద్ధి,"
అంతే చెప్పి కదిలింది.
కాళ్లకు బుద్ధి చెప్పడమంటే
పారిపోవడమే అనుకున్నాను ఇన్నాళ్లూ.
ఆమె నిజంగానే చెబుతోంది,
ఒక్కో వేలికీ విడివిడిగా:
ఇది కదులుతుంది, ఇది కదలదు,
ఇది నిన్న కదల్లేదు గానీ నమ్మకు.
నా చేతులు రాయిని బతిమాలుతున్నాయి.
ఆమె చేతులు పలకరిస్తున్నాయి.

గట్టు మరీ సన్నబడ్డ చోట ఆగింది.
భయం అనుకున్నాను. పెన్సిల్ తీశాను.
కింద అరుపు.
పన్నెండడుగుల దిగువన, చాపంత పచ్చిక మీద ఒక గొర్రె.
గడ్డి ఆశకి దిగి, తిరిగి ఎక్కలేక,
ఎన్నాళ్లయిందో, మట్టి దాకా మేసేసింది.
"మాది కాదు," అంది
ఉన్ని మీది ఎర్రగుర్తు చూసి,
అప్పటికే దిగుతూ.

కొమ్ము దొరకబుచ్చుకుని, మోకాళ్లతో అదిమి,
తాడు అడిగింది.
ఆ రోజుకి నా వల్ల ప్రయోజనం అదొక్కటే.
గొర్రె పైకొచ్చి ఒళ్లు దులుపుకుని
మా ఇద్దరినీ ఎరగనట్టు పోయింది.
స్టాప్‌వాచ్ తిరుగుతూనే ఉంది.
సమయం అన్న గడిలో
"గొర్రెతో సహా" అని రాశాను.
అర్హత ఇచ్చాను. ఇవ్వడానికి నేనెవరినని
దారంతా అనుకుంటూ ఇల్లు చేరాను.

అసలు కష్టం ఆ తర్వాత.
జూన్‌లో ఫోన్ చేసింది: "పరిగెత్తలేకపోతున్నాను.
ముందు గొర్రె లేకపోతే కాళ్లకి దారి తెలీదు.
ఊరికే ఎక్కడం, ఊరికే దిగడం.
కుక్క కూడా నా మొహం చూస్తోంది, ఏది పోయిందని."
నా దగ్గర పట్టిక ఉంది, వారాలూ గంటలూ వేసి.
దాన్లో దీనికి జవాబు లేదు.
తేనె జెల్ పొట్లాలు పంపాను.
గొర్రెలకి పట్టే పురుగుమందు రుచి అంది.

అయినా మంగళవారాలు ఎక్కింది.
గురువారాలు, నొప్పి తగ్గని తొడలతోనే,
తలదీపం వెలుగులో జల్లురాళ్ల వాలు
పదేసి సార్లు దిగింది.
ఉన్ని కత్తిరించే వారం మాత్రం మానేసింది.
కాళ్లెలా ఉన్నాయని అడిగితే
"చేతులు ఖాళీ లేవు" అంది.

ఆగస్టు చివర, రాత్రి పొద్దుపోయాక:
"ఇవాళ గట్టు మీద దేన్నీ వెతకలేదు.
కాసేపే. రెండు మలుపులు."
గొంతు తగ్గించింది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.
"ఏదీ తప్పిపోలేదు. అయినా పరిగెత్తాను."

నాకేం అనాలో తోచలేదు.
చొక్కాకి కుట్టుకునే నంబరు వచ్చిందా అని అడిగాను.
వచ్చిందట, రెండు వందల పద్నాలుగు.
"మంద లెక్కకి మూడు తక్కువ," అంది,
"ఎక్కడున్నాయో చూడాలి."